తవ్వే ముందు కల్లం చూడు

2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ బరిలో నిలిచింది 185 మంది. వాళ్లలో 178 మంది పసుపు, ఎర్రజొన్న రైతులే. పసుపుకు మద్దతు ధర కావాలని, బోర్డు పెట్టాలని ఆర్మూర్ మామిడిపల్లి చౌరస్తాలో రోడ్డెక్కి, అక్కడా పని కాక, చివరికి నామినేషన్ పత్రాన్నే నిరసన పత్రం చేసుకున్నారు. ఆ పోరాటం రాజకీయం గురించి రాయాల్సినంత రాశారు. దాని వెనక జరిగిన పనిని మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోలేదు. స్వతంత్ర అభ్యర్థిగా నిలబడాలంటే ఆ నియోజకవర్గపు ఓటర్లు పదిమంది ప్రతిపాదించాలి. 25 వేలు డిపాజిట్ కట్టాలి, ఎస్సీ ఎస్టీలైతే అందులో సగం. ఆస్తుల, కేసుల వివరాలతో అఫిడవిట్ రాయించి నోటరీ చేయించాలి. ఇదంతా మార్చి 18 నుంచి 25 లోపు, మధ్యలో హోలీ, ఆదివారం. 178 మందికి పదేసి చొప్పున లెక్కేస్తే 1,780 సంతకాలు. ఎవరు నిలబడతారు, ఎవరు సంతకం పెడతారు, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఏ రోజు ఎవరు నిజామాబాద్ వెళ్తారు అన్నది ఊళ్లు కూర్చుని తేల్చుకుంటే తప్ప అయ్యే పని కాదిది.

అవతలి పక్క ఎన్నికల సంఘం పరిస్థితి ఇంకా ఇరకాటం. ఉపసంహరణ గడువు మార్చి 28తో ముగిసింది, పోలింగ్ ఏప్రిల్ 11న. మధ్యలో ఉన్నది రెండే వారాలు. ఒక బ్యాలెట్ యూనిట్‌లో పదహారు మీటలే ఉంటాయి. 185 మందికీ నోటాకూ కలిపి 186 మీటలు కావాలి, అంటే ప్రతి పోలింగ్ కేంద్రంలో పన్నెండు యూనిట్లు వరసగా పెట్టాలి. పాత రకం యంత్రానికి నాలుగు యూనిట్ల కంటే ఎక్కువ తగిలించడం కుదరదు కాబట్టి ఎం3 రకం యంత్రాలే తెప్పించాలి. వాటిని పరీక్షించాలి, గుర్తుల కాగితాలు అమర్చాలి, అన్ని యూనిట్లు పట్టే బల్లలు వెతకాలి, సిబ్బందికి మళ్లీ శిక్షణ ఇవ్వాలి. పోలింగ్‌కు ముందు తెల్లవారుజామున జరిపే నమూనా పోలింగ్‌లో అభ్యర్థులందరికీ ఓటు పడేలా మీటలన్నీ నొక్కి చూడాలి గనక ఆ ఒక్క నియోజకవర్గంలో పోలింగ్ వేళనే ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు గంటలకు మార్చారు. ఇన్ని యంత్రాలతో ఎలా జరుగుతుందని మొదట చాలామంది అనుమానపడ్డారు. జరిగింది. తేదీ కదలదని తెలిసినప్పుడు రెండు పక్షాలూ చేసింది ఒకటే: చివరి రోజు దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కేసుకుంటూ వచ్చాయి. దేని కోసం ఏది ఆగాలో, ఎక్కడ ఒక్కరోజు జారినా మొత్తం జారుతుందో ముందే పసిగట్టాయి.

దీన్నే బయట ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ అంటారు. ఆ పేరు వినగానే హైటెక్ సిటీ అద్దాల మేడలు, కోటు వేసుకున్న మనుషులు, వేలకు వేలు ఫీజులు గుర్తొస్తాయి. అందులో బడాయి పాలు లేకపోలేదు. కానీ దాని మొదటి మెట్టులో ఉన్నవి నాలుగైదు అలవాట్లే. పనిని ముక్కలు చేయడం, ఏ ముక్క దేని కోసం ఆగుతుందో గీసుకోవడం, రోజుల అంచనాను పోయినసారి లెక్కను బట్టి వేయడం, వాన కోసమో జ్వరం కోసమో కొంత వెసులుబాటు ఉంచడం, ప్రతి ముక్క పక్కనా ఒక్కరి పేరు మాత్రమే రాయడం. చదువుకున్నవాళ్లు రెండు మూడు రోజుల్లో నేర్చుకుంటారు, చదువుకోనివాళ్లు చేస్తూ నేర్చుకుంటారు. ఆర్మూర్ లాంటి పసుపు పట్టణానికి, దాని చుట్టుపక్కల పల్లెలకు దీని అవసరం పెద్ద కంపెనీలకున్న దాని కంటే తక్కువేమీ కాదని నా వాదన. ఎందుకంటే కంపెనీలో ఆలస్యానికి ఒక త్రైమాసికం లాభం తగ్గుతుంది, ఇక్కడ ఏడాది కష్టం ఒక్క వారంలో రంగు మారుతుంది.

పసుపు పంటనే తీసుకుని చూద్దాం. జూన్‌లో విత్తితే ఎనిమిది తొమ్మిది నెలలు నేలలో ఉంటుంది. ఆ తర్వాత ఆకు కోయడం, తవ్వడం, మట్టి దులిపి మండను కొమ్మును వేరు చేయడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం, పాలిష్ పట్టడం, సంచులకెత్తి నిజామాబాద్ యార్డుకు తోలడం. మండ, కొమ్ము విడివిడిగా ఉడకాలి. తవ్విన రెండు మూడు రోజుల్లో ఉడకాలి, నాణ్యత నిలవాలంటే అదే పద్ధతి. ఉడికించింది రెండంగుళాల మందాన పరచి పది పదిహేను రోజులు ఎండనివ్వాలి. తేమ పది శాతం దగ్గరికి రాకపోతే ధర కోసేస్తారు. ఇప్పుడు మూడెకరాల పంట ఉందనుకుందాం. తవ్వకానికి నాలుగు రోజులు, బాయిలర్‌కు రెండు రోజులు, ఆరడానికి పన్నెండు రోజులు. కల్లం మాత్రం సగం పంటకే సరిపోతుంది. కైకిలి మనుషులు దొరకడమే కష్టంగా ఉన్న రోజుల్లో, దొరికినప్పుడే పని కానిచ్చేద్దామని ఎక్కువ కూలి పెట్టి రెట్టింపు మందిని పిలిచి రెండు రోజుల్లో తవ్వించేస్తాడు రైతు. చూసేవాళ్లకు అది చురుకు. లెక్కలో చూస్తే ఆఖరి సంచి యార్డుకు చేరేది మహా అయితే ఒక్క రోజు ముందు. మొదటి సగం ఆరి లేచేదాకా రెండో సగానికి చోటు లేదు కాబట్టి ఎంత తొందరపడినా దాదాపు నెల రోజులు పట్టాల్సిందే. పైగా ఆ రెండో సగం పచ్చిగా కుప్పలోనో ఉడికి తడిగానో పన్నెండు రోజులు పడుంటుంది. నేలలో ఉన్న పసుపు కొన్నాళ్లు ఆగుతుంది, తవ్విన పసుపు ఆగదు. అదే రైతు అదనపు కూలికి పెట్టిన డబ్బుతో టార్పాలిన్లు అద్దెకు తెచ్చి చదునైన చోట పరిస్తే, తవ్వకం నిదానంగా సాగినా దాదాపు పది రోజులు ముందే పని తెమిలిపోతుంది.

ఈ చిన్న లెక్కలోనే ఆ విద్య సారమంతా ఉంది. అందరూ అనుకునేట్టు అది మనిషిని పరుగెత్తించే విద్య కాదు. ఎక్కడ పరుగెత్తినా లాభం లేదో చెప్పే విద్య. 1957లో అమెరికాలో డ్యూపాంట్ రసాయన కంపెనీ కోసం మోర్గన్ వాకర్, జేమ్స్ కెల్లీ క్రిటికల్ పాత్ పద్ధతిని రూపొందించినప్పుడు వాళ్ల ముందున్న చిక్కు ఇదే. ఫ్యాక్టరీ పనులు ఆలస్యమైనప్పుడల్లా యాజమాన్యం అన్ని పనుల మీదా అదనపు మనుషుల్ని గుమ్మరించేది. వందల పనుల్లో మొత్తం గడువును నిర్ణయించేవి కొన్నే ఉంటాయని, మిగతావాటికి ఎంతో కొంత వెసులుబాటు ఉంటుందని, డబ్బు పెట్టాల్సింది ఆ కొన్నింటి మీదేనని వాళ్లు కాగితం మీద చూపించారు. మరుసటి ఏడాది అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కోసం దాదాపు ఇలాంటి పద్ధతినే వాడింది. అప్పట్లో దానికి గదంత కంప్యూటర్ కావాల్సివచ్చింది. మూడెకరాల పసుపుకు పిల్లల నోటు పుస్తకం వెనక పేజీ చాలు.

దీనికి మొదట వచ్చే అభ్యంతరం అనుభవం. తాతల కాలం నుంచి పసుపు పండిస్తున్నవాళ్లకు ఎప్పుడు తవ్వాలో, ఎప్పుడు ఉడకబెట్టాలో ఒకరు చెప్పాలా? ఉడుకుతున్న పసుపు నురగను, వాసనను బట్టి దించే వేళ చెప్పగల మనిషికి చార్టులు నేర్పడం హాస్యాస్పదం కాదా? ఈ మాటలో సగం నిజం. పని ఎలా చేయాలన్న దాంట్లో అనుభవాన్ని మించింది లేదు. ఎన్నాళ్లు పడుతుందన్న దాంట్లో మాత్రం అనుభవం నమ్మకంగా మోసం చేస్తుంది. 1994లో కెనడాలో రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైఖేల్ రాస్ అనే మనస్తత్వ పరిశోధకులు, సిద్ధాంత వ్యాసం రాస్తున్న విద్యార్థుల్ని ఎన్నాళ్లలో ముగిస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ ఎదురుతిరిగితే ఎన్నాళ్లని అడిగితే 49 అన్నారు. నిజంగా పట్టింది 55 రోజులు, అంటే వాళ్లు ఊహించిన గడ్డు పరిస్థితి కంటే కూడా ఎక్కువ. అంచనా వేసేటప్పుడు మనిషి ఈసారి ఎలా చేయబోతున్నానో ఊహించుకుంటాడు తప్ప పోయినసారి ఎన్నాళ్లు పట్టిందో వెనక్కి తిరిగి చూడడని వాళ్లు తేల్చారు. పోయినేడు బాయిలర్ మూడు రోజులు ఆలస్యంగా వచ్చింది, ముందేడు పాలిష్ డ్రమ్ము దగ్గర వరస కట్టాల్సివచ్చింది. అవన్నీ ఆ ఏటి ఖర్మ కింద జమ అవుతాయి, వచ్చే ఏటి అంచనాలోకి రావు. తేదీలు రాసి ఉంచిన నాలుగేళ్ల పుస్తకం ఇంట్లో ఉంటే ఆ ఆలస్యం ఖర్మ కాదని, ప్రతి ఏడూ తప్పకుండా వచ్చే అతిథి అని తెలిసిపోతుంది.

రెండో అభ్యంతరం దీనికంటే బరువైనది. వాన చేతిలో లేదు, ధర చేతిలో లేదు, ఇక ప్రణాళిక దేనికి? మార్చిలో కల్లం మీద పసుపు ఉండగా వడగళ్లు పడితే ఏ చార్టు కాపాడుతుంది? వాన విషయంలో జవాబు తేలికే. ఎప్పుడు పడుతుందో తెలియకపోయినా, పసుపు ఎండే నెలల్లో ఒకసారైనా పడే అవకాశం ఉందని తెలుసు. కప్పడానికి పట్టాలు ఎన్ని కావాలో, రాత్రిపూట కుప్పచేసేది ఎవరో జనవరిలో తేల్చుకోవడానికి అది చాలు. హోలీ, ఉగాది, శ్రీరామనవమి అన్నీ సరిగ్గా సరుకు పోటెత్తే రోజుల్లోనే వస్తాయి. ఇవి పంచాంగంలో ఉన్నవే, అయినా ఏటా కొందరు సెలవు ముందురోజు సంచులు కట్టి ఇబ్బంది పడుతూనే ఉంటారు. ధర విషయంలో మాత్రం ఒప్పుకోవాల్సింది ఒప్పుకోవాలి. కొన్నేళ్లు క్వింటాలు ఐదారు వేల దగ్గర కొట్టుమిట్టాడి, 2024 మార్చిలో నిజామాబాద్ యార్డులో పదిహేను వేలు దాటిన సరుకిది. ఆ ఊగిసలాటను ఏ రైతు నోటు పుస్తకమూ ఆపలేదు. మద్దతు ధర అడిగినవాళ్లకు మీరు పని సరిగ్గా ప్లాన్ చేసుకోండని సలహా చెప్పడం నేరం కిందే లెక్క, రైతు సమస్యను రైతు తెలివితక్కువతనంగా చూపే పాత ఎత్తుగడ అది. ఈ విద్యతో ధర పెరగదు. ధర ఉన్న రోజున ఆరిన సరుకు చేతిలో ఉండే అవకాశం పెరుగుతుంది. ధర లేని ఏడు దండుగ కూలి, దండుగ అద్దె కొంత తగ్గుతాయి. ఇంతకంటే ఎక్కువ మాట ఇచ్చేవాళ్లను నమ్మకండి.

మూడో అభ్యంతరం వెటకారంగా వస్తుంది. పెద్ద పెద్ద డిగ్రీలున్న ఇంజినీర్లు చేపట్టిన పనులే దశాబ్దాలు సాగుతుంటే మాకు నేర్పుతారా అని. ఆర్మూర్‌లో ఈ ప్రశ్నకు సాక్ష్యం ఎదురుగానే ఉంది. పెద్దపల్లి–నిజామాబాద్ రైలు మార్గం 1993–94లో మంజూరైంది, పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్న రోజుల్లో. సుమారు 177 కిలోమీటర్లు. అటు నుంచి ఇటు పూర్తిగా కలిసింది 2017లో. ఆర్మూర్ స్టేషన్‌లో రైలు ఆగే నాటికి, మంజూరైన ఏడు పుట్టిన పిల్లలు ఉద్యోగాలు చేస్తున్నారు. అక్కడ లేనిది చార్టు గీసేవాళ్లు కాదు. దేశమంతా ఒకేసారి వందల పనులు మొదలుపెట్టి, ప్రతిదానికీ ఏటా ఇంత విదిలించే పద్ధతే అక్కడ అడ్డుపడింది. రైలు మార్గం రెండు చివర్లూ కలిస్తేనే పూర్తి ఫలితం, ముప్పావు వంతు వేసి ఆపితే పెట్టిన డబ్బులో చాలా భాగం పడుకుంటుంది. కొన్నిటినే ఎంచుకుని పూర్తి చేసి ఆ తర్వాత మిగతావి ఎత్తుకోవాలన్నది ఈ విద్య ఒకటో తరగతి పాఠం. పాటించనిది దాన్ని పాటించాల్సిన అధికారం ఉన్నవాళ్లు. వాళ్లు పాటించకపోవడం పాఠాన్ని అబద్ధం చేయదు, ఎక్కువమందికి తెలిసి నిలదీయాల్సిన అవసరాన్నే చెబుతుంది. శంకుస్థాపన నాడు ఎప్పుడు పూర్తవుతుందని అడగడం అందరికీ తెలుసు. భూసేకరణ ఎంత మిగిలింది, ఈ ఏడు నిధులు ఏ పనికి, ఏది తేలక ఏది ఆగింది అని అడగగలిగే వార్డు సభ్యుడు, గ్రామాభివృద్ధి కమిటీ సభ్యుడు ఉంటే జవాబు చెప్పేవాళ్ల గొంతు మారుతుంది.

కాగితం మీద గళ్లు నింపితే చాలనుకునే ప్రమాదమూ ఉంది, అది దాచకూడదు. శస్త్రచికిత్స వేళ సరిచూసుకోవాల్సిన అంశాల చిన్న జాబితా ఒకటి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసి ఎనిమిది దేశాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో అమలు చేస్తే, మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రకటించారు. వాటిలో ఒకటి ఢిల్లీ ఆసుపత్రి. తర్వాత కెనడాలోని ఒంటారియో రాష్ట్రం అదే జాబితాను తన ఆసుపత్రులన్నింటికీ తప్పనిసరి చేసింది. 101 ఆసుపత్రుల లెక్క తీస్తే చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదని 2014లో తేలింది. జాబితా అదే. ఒకచోట దాన్ని నేర్పి, మాట్లాడుకుని, తమ పద్ధతికి తగ్గట్టు మలచుకున్నారు. ఇంకోచోట పైనుంచి ఆదేశం వచ్చింది, కింద టిక్కులు పడ్డాయి. ఈ తేడా ఎందుకొచ్చిందన్న దాని మీద వైద్యుల్లో వాదోపవాదాలు ఉన్నా, మన ప్రభుత్వ శిక్షణల సంగతి తెలిసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యపోయేది ఏమీ ఉండదు. రైతు వేదికలో రెండు గంటలు ప్రొజెక్టర్ వేసి, సంతకాలు తీసుకుని, టీ బిస్కెట్లతో ముగించే శిక్షణతో ఇది రాదు. తన పంట, తన కల్లం, తన తేదీలు ముందు పెట్టుకుని ఒక సీజన్ మొత్తం రాసి చూసుకుంటేనే వస్తుంది.

నేర్పేవాళ్ల కోసం వెతుక్కుంటూ హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. ఆర్మూర్, బాల్కొండ ప్రాంతాల్లో గల్ఫ్ వెళ్లొచ్చిన మనిషి లేని వాడ అరుదు. దుబాయ్, దోహా, మస్కట్ సైట్లలో స్టీల్ ఫిక్సర్లుగా, షట్టరింగ్ కార్పెంటర్లుగా, ఫోర్‌మన్లుగా పదేసి ఇరవయ్యేసి ఏళ్లు పనిచేసి వచ్చినవాళ్లు వీళ్లు. ఏ అంతస్తు స్లాబు ఏ రోజు పడాలో, దానికి ముందు రాడ్డు పని ఎప్పుడు తెమలాలో, కాంక్రీటు లారీ వచ్చే వేళకు షట్టరింగ్ సిద్ధంగా లేకపోతే ఏమవుతుందో వాళ్లకు ఒంట్లో ఇంకిపోయిన విషయం. పొద్దున పని మొదలయ్యే ముందు అందరినీ నిలబెట్టి ఈరోజు ఎవరు ఏం చేస్తారు, ప్రమాదం ఎక్కడుందని పది నిమిషాలు మాట్లాడుకునే అలవాటు వాళ్లు రోజూ పాటించినదే. ఊరికొచ్చాక వాళ్లను అడిగేది ఎంత సంపాదించావనే. ఏం నేర్చుకొచ్చావని ఎవరూ అడగరు. ప్రపంచంలో అతి పెద్ద నిర్మాణాల్లో కొన్నింటిని చేతులారా కట్టినవాళ్ల అనుభవం వాళ్ల ఊళ్లోనే విద్య కింద లెక్కకు రాకపోవడం విచిత్రం. ఒక మాజీ ఫోర్‌మన్, ఒక వ్యవసాయ విస్తరణ అధికారి, కమ్మర్‌పల్లి పసుపు పరిశోధన కేంద్రం నుంచి ఒక శాస్త్రవేత్త కలిసి కూర్చుంటే, ఏ మేనేజ్‌మెంట్ కాలేజీలోనూ దొరకని పాఠం తయారవుతుంది.

ఒంటరి రైతుకు ఇది లాభమైతే, కలిసి పనిచేసేవాళ్లకు ఇది లేకపోతే గడవదు. పసుపు బోర్డును 2023 అక్టోబర్‌లో ప్రకటించారు, 2025 జనవరి 14న సంక్రాంతి నాడు ప్రారంభించారు, కేంద్ర కార్యాలయం నిజామాబాద్‌కే వచ్చింది. 2022–23లో దేశం నుంచి ఎగుమతైన పసుపు 1.53 లక్షల టన్నులు, విలువ దాదాపు 20.7 కోట్ల డాలర్లు. 2030 నాటికి దాన్ని వంద కోట్ల డాలర్లకు చేర్చాలన్నది కేంద్రం చెప్పుకున్న లక్ష్యం. అది కొమ్ములు అమ్మితే వచ్చే సొమ్ము కాదు. ఒకే రకం, ఒకే నాణ్యత, చెప్పిన తేదీకి చెప్పినంత సరుకు పంపగలిగే రైతు సంఘాలు కావాలి. అలాంటి సంఘం మొదట కొనేది బాయిలర్, పాలిష్ డ్రమ్ము. మొదట తగువు పడేది కూడా అక్కడే. ముందు ఎవరి పసుపు ఉడకాలి? పలుకుబడిని బట్టి వరస నడిస్తే రెండో ఏడు సంఘం ఉండదు. ముందు తవ్వినవాళ్లదే ముందు అంటే అందరూ పోటీపడి ఒకేసారి తవ్వేస్తారు. బాయిలర్ రోజుకు ఎంత ఉడికిస్తుందో లెక్కగట్టి, దాన్నిబట్టి ఎవరు ఏ రోజు తవ్వాలో ముందే తేదీలు పంచుకుంటే, సగం సమస్య తగువుగా మారకముందే తీరుతుంది. మొదట్లో సంఘాన్ని నిలబెట్టేది ఆ తేదీల కాగితమే. గోడ మీద అందరికీ కనబడేలా అంటించి ఉంటే ఇంకా మంచిది.

మిగిలింది ఆ పుస్తకం ఎవరి చేతిలో ఉండాలన్నది. మగవాళ్లు గల్ఫ్‌లో ఉన్న ఇళ్లలో కూలీలను పిలవడం, బాయిలర్ వాళ్లకు ఫోన్ చేయడం, కల్లం మీద తిరగేయించడం, పొద్దుగూకే వేళకు పట్టా కప్పించడం ఇప్పటికే ఆడవాళ్లే చూసుకుంటున్నారు. పొదుపు సంఘాల పుణ్యమా అని తేదీలు, సంతకాలు, బాకీలు రాయడంలో వాళ్లకున్న సాధన మగవాళ్లలో చాలామందికి లేదు. అలాగని పుస్తకం వాళ్లకిచ్చి నిర్ణయం మాత్రం దుబాయ్ నుంచి వాట్సాప్‌లో వస్తుంటే వాళ్లు చేసేది గుమాస్తా పనే అవుతుంది. కల్లం నిండిందని రాసిన మనిషికే రేపటి తవ్వకం ఆపే అధికారం ఉండాలి. టార్పాలిన్ అద్దెకు తీసుకోవాలన్నా, కూలీలకు రెండు రోజులు ఆగమని కబురు పెట్టాలన్నా ఎవరినీ అడగనక్కర్లేకుండా చేతిలో కొంత డబ్బు ఉండాలి. శిక్షణకు ఇంటి నుంచి ఒక్కరే రావాలంటే ఆ ఒక్కరు ఆమే కావాలి, అదీ జూన్‌లో విత్తనం నేలలో పడకముందే, మే నెలలో.